సంగీత శాస్త్రం పుస్తకం గారికి గాజువాక నుంచి ఉత్తరం

మహారాజశ్రీ సంగీత శాస్త్రం మొదటి పుస్తకం గారి సముఖానికి, విశాఖపట్నం, గాజువాక నుంచి మీ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

యాభయ్యో పడిలో పడ్డాక మనిషికి ఏదో ఒక కళ ఉండాలని మా ఆవిడ అంటే, పాడటం కన్నా చదవడం తేలికని మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్నాను. నాదం రెండు రకాలని మొదటి పేజీలోనే సెలవిచ్చారు. కొడితే పుట్టేది ఆహతం, యోగులకు మాత్రమే వినిపించేది అనాహతం. చెవులు రిక్కించి కూర్చున్నాను. కింద ఆటోల హారన్లు తప్ప ఏమీ వినిపించలేదు. వెనక అట్ట దాకా చదివాక తేలిందేమిటంటే, మీ లోపల ఉన్నదంతా రెండో రకమే.

స్వరాలు పలికే మెట్లు, అంటే స్వరస్థానాలు 12, వాటికి పేర్లు 16 అని ఒక పట్టిక వేసి చేతులు దులుపుకున్నారు. మా అమ్మాయి కీబోర్డు మీద చతుశ్రుతి రిషభం (ఒక రకం రి) నొక్కి, శుద్ధ గాంధారం (ఒక రకం గ) కోసం వెతికితే వేలు అప్పటికే దాని మీదే ఉంది. ఆ ఒక్క మెట్టే, కింద శుద్ధ రిషభం చేరితే గాంధారం, పైన మరో గాంధారం ఉంటే రిషభం. ఇంట్లో బుజ్జిగాడు, ఆఫీసులో సూపరింటెండెంటు గారు! ఈ ఒక్క ముక్క మీరు చెప్పి ఉంటే నాకు వారం రోజులు కలిసొచ్చేది.

ఇక తాళాలు. అందరికీ తెలిసిన ఆదితాళం మీ ఏడు తాళాల్లో ఎంత వెతికినా కనబడదే! ఆయన చతురశ్రజాతి త్రిపుట అనే దొంగపేరుతో తిరుగుతున్నాడట.

అయినా మిమ్మల్ని పూర్తిగా తిట్టలేను. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది ఉంది కదా! మేళకర్త, అంటే తల్లి రాగం, పేరులో మొదటి రెండు అక్షరాలను అంకెలు చేసి తిరగేస్తే దాని సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగేస్తే 15. ఆ రోజు నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చుని బోర్డులన్నీ లెక్కకట్టడమే నా పని. యారాడ 21, అంటే కీరవాణి. వాల్తేరు 64, వాచస్పతి. విశాఖ 54, విశ్వంభరి. భీమిలి కూడా అదే, అక్కాచెల్లెళ్లు. జగదాంబ 38, జలార్ణవం. గట్టి వాన పడిన సాయంత్రం అక్కడ బస్సు దిగినవాళ్లకు దీని అర్థం చెప్పనక్కర్లేదు.

ఆఖరికి మా ఊరు చూసుకున్నాను. గ 3, జ 8. తిరగేస్తే 83. ఈ మేళకర్తల లెక్క కట్టిన వెంకటమఖి 17వ శతాబ్దంలోనే 72 దగ్గర తలుపు వేసేశాడు. రెండు రకాల మధ్యమం (మ), ఒక్కోదానికి 36 రాగాలు, అంతే. ఆ పైన సీట్లు లేవు. అంటే గాజువాకవాడికి సంగీతం రాదని నేను పుట్టకముందే తేల్చేశారన్నమాట.

అయినా మొండిగా, మిమ్మల్ని చంకన పెట్టుకుని, ఒక టీచరమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ శ్రుతిపెట్టె పెట్టి, "స అనండి" అన్నారు.

"షడ్జమం అచల స్వరమండీ, దానికి భేదాలు లేవు" అన్నాను.

"సరే, అనండి."

అన్నాను. ఆవిడ కాసేపు కళ్లు మూసుకుని, "మీది మాత్రం కదులుతోందండీ" అన్నారు.

తర్వాత ఆవిడే ఏదో ఆలాపన చేసి, ఇదేం రాగమని అడిగారు. బాగుంది, ఒళ్లు జలదరించింది కూడా. కానీ మీలో ఏ పేజీలోదో పోల్చుకోలేకపోయాను.

"పేరు మీరు చెప్పండి, నంబరు నేను చెప్తాను" అన్నాను.

ఆవిడ మిమ్మల్ని నా చేతిలోంచి తీసుకుని శ్రుతిపెట్టె కింద ఎత్తుకి పెట్టారు. మీరు అక్కడే ఉన్నారు. నేను వారానికి రెండు రోజులు వెళ్లి మీ ఎదురుగానే స అంటున్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
83వ మేళకర్త,
గాజువాక.