ఎముక గ్రాఫ్టు సీసా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎముక గ్రాఫ్టు సీసా గారి దివ్యసముఖమునకు, ఒక చిగుళ్ల వైద్యుడి విన్నపము.

ఈ మధ్యాహ్నం పన్ను తీసిన గుంటలో కొత్త ఎముక అల్లుకునేందుకు ఆసరాగా నింపుదామని తమ మూత విప్పి సెలైన్‌తో తడపగా, తమ గింజల్లో అధిక భాగం ముద్దకట్టి, నెత్తురుతో పాటు సక్షన్ గొట్టంలోకి జారిపోవడాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. తమ లేబుల్‌పై మాత్రం ‘0.25–1 మి.మీ.’ అని సగర్వంగా అచ్చయి ఉంది.

ఆ రెండు అంకెల మధ్య దూరమే నాకు మింగుడుపడటం లేదు. వ్యాసంలో 4 రెట్లు, ఘనపరిమాణంలో 64 రెట్లు తేడా ఉన్న గింజలను ఒకే సీసాలో పోసి, ఏవి ఎంత ఉన్నాయో చెప్పకపోవడం తమ ఔదార్యం. బొంబాయి రవ్వ అడిగితే ఇడ్లీ రవ్వ కలిపి ఇచ్చిన కొట్టు మెట్లు మా అమ్మ మళ్లీ ఎక్కదు.

జీవకణాలూ అంతే పట్టింపు గలవి. గింజ 0.1 మి.మీ. కన్నా సన్నమైతే ఒంట్లో చెత్తను ఊడ్చే మాక్రోఫేజ్ కణాలు దాన్ని చెత్తగా లెక్కగట్టి మింగేస్తాయి. వాపు పెరుగుతుంది, కొత్త ఎముక అల్లుకోకముందే దాని ఆసరా మాయమవుతుంది. పైగా సన్నవి ఒత్తుకుపోయి సందులు మూసేస్తాయి. గింజల మధ్య కనీసం 0.1 మి.మీ., వీలైతే 0.3 మి.మీ. సందు లేనిదే రక్తనాళాలు సరిగా చొరబడలేవు, రక్తం అందని చోట ఆస్టియోబ్లాస్టులనే తాపీ కణాలు ఎముక కట్టవు. మరీ పెద్దవైతే అదే బరువుకు ఉపరితలం తగ్గి, కణాలు అతుక్కునే చోటు కరువవుతుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలు నెలల తరబడి కొరికినా ఆ గింజలు తరగక, ఒక్కోసారి చిగుళ్లలోంచి బయటపడతాయి. చిన్న గుంటకు చిన్న గింజ, పైదవడ సైనస్ (పైపళ్ల మీది గాలి గది) వంటి పెద్ద ఖాళీకి పెద్ద గింజ అని మేము వెతుక్కోవడం చాదస్తం కాదు మహాప్రభో!

తమ ధర గురించి, అర గ్రాము సరుకుకు అరచేతిని మించిన పెట్టె గురించి, గాజుకు అంటుకుని ఎంత తట్టినా రాలని భాగం గురించి నేను మాట్లాడను.

కానీ జల్లెడ పట్టింది తమ కర్మాగారంలోనే కదా? ఏ జల్లెడ మీద ఎంత నిలిచిందో తెలిసీ దాచారు. ఆరు నెలల తర్వాత ఎక్స్‌రేలో గుంట గుంటలాగే కనిపిస్తే నిలదీసేది నన్ను, మిమ్మల్ని కాదు!

అయినా వచ్చే వారానికి మరో సీసా తెప్పించక తప్పదు. రోగి గడ్డం దగ్గర ఇంకో కోత పెట్టి సొంత ఎముక తీసే బాధను తప్పిస్తున్నది మీరే, ఆ ఉపకారాన్ని కాదనను. ఈసారైనా ఏ పరిమాణం గింజలు నూటికి ఎన్ని పాళ్లో లేబుల్‌పై వేయించండి. చోటు చాలకపోతే ‘ప్రీమియం’ అన్న మాట తీసేయండి.

ఇట్లు,
తమ నిత్య వినియోగదారుడు