ఐదొందలు పడేస్తే జత వస్తాయట

ఇప్పుడే ఇంట్లోకి వచ్చాను. కాళ్లు కూడా కడుక్కోకుండా ఇది రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

క్లినిక్ నుంచి వస్తున్నాను. ఒక చేతిలో మా కుందేలు జున్ను ఉన్న బుట్ట, ఇంకో చేతిలో ఎక్స్-రే కవరు. లిఫ్ట్‌లో మూడో అంతస్తు అంకుల్ ఎక్కారు. బుట్టలోకి తొంగిచూసి "ఏమ్మా, ఇది ఇంకా ఉందా?" అన్నారు. ఉందండీ అన్నాను. ఏమైందని అడిగారు. గర్భసంచిలో క్యాన్సరండీ, ఊపిరితిత్తులకు కూడా పాకింది అన్నాను. ఆయన ముఖంలో జాలి కనిపించింది, అబద్ధం చెప్పడం ఎందుకు. కాకపోతే ఆ జాలి నా మీద. "ఎందుకమ్మా నీకీ తిప్పలు? ఐదొందలు పడేస్తే జత వస్తాయి" అని నవ్వుకుంటూ దిగిపోయారు.

అవునండీ అంకుల్, వస్తాయి. పోయినేడాది పార్కింగ్‌లో మీ ముసలి కారుకు గీత పడితే వాచ్‌మన్‌ను నెల రోజులు నిలబెట్టి అడిగారు కదా, అప్పుడు మేమెవరమైనా వచ్చి "సెకండ్ హ్యాండ్‌లో ఇంతకన్నా మంచిది వస్తుంది కదండీ" అన్నామా? అనలేదు. ఎందుకంటే అది కారు. దానికి ఆర్సీ ఉంది. దీనికి చెవులే ఉన్నాయి.

జున్ను ఎవరో తెలియనివాళ్లకు: తెల్ల కుందేలు, ఎనిమిదేళ్లు దాటాయి. ఇంట్లో బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది, అంటే మాది ముసలమ్మే. ఒక కన్ను మసక. గెంతడం తగ్గించి నడుస్తోంది. అయినా వంటింట్లో కొత్తిమీర కట్ట విప్పితే హాల్లో చెవులు లేస్తాయి.

అందరికీ ఒక అనుమానం ఉన్నట్టుంది, నేనేదో లక్షలు పోసి దానికి కీమోథెరపీ చేయిస్తున్నానని. లేదు బాబూ. ఆపరేషన్ కూడా లేదు. గడ్డ గర్భసంచిలోనే ఉండి ఉంటే తీయించేదాన్ని. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాక ఇక కోయించి ప్రయోజనం లేదని డాక్టరే చెప్పింది, నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు చేస్తున్నదల్లా నొప్పి తెలియకుండా మందు వేయడం, తినకపోతే సిరంజితో తినిపించడం, కింద తడిస్తే తుడిచి ఆరబెట్టడం. ఇంతే. దీనికే జనానికి కడుపుమంట. కోపం ఎక్కడొస్తుందంటే, నేను పెట్టని ఖర్చుకు కూడా నాకు క్లాస్ పీకుతున్నారు.

అసలు ఈ రోగం ఎందుకొచ్చిందో చెప్తాను, వినండి. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పైబడితే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటినవాటిలో సగానికి పైగా దీని బారిన పడతాయి. చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఈ గొడవే ఉండదు. జున్నుకి ఏడాది నిండకముందే తీసుకెళ్లాను. చేయండి డాక్టర్‌గారూ అని అడిగాను. పెద్దాయన, పేరున్న డాక్టరు, కళ్లద్దాల పైనుంచి చూసి "ఒక్కదాన్నే పెంచుతున్నావు కదమ్మా, పిల్లలు పుట్టే గొడవే లేదు, ఆపరేషన్ దేనికి? చిన్న ప్రాణం, మత్తిస్తే లేవదు" అన్నారు. క్యాన్సర్ వస్తుందంటున్నారు కదండీ అంటే, "ఇంటర్నెట్‌లో చదివావా?" అన్నారు. ఆ ఒక్క మాటతో మన చదువంతా చెత్తబుట్టలోకి. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఇక్కడ అక్షరాలా. ఇంకో ఇద్దరిని అడిగినా అదే పాట.

మొన్న అదే క్లినిక్‌లో, అదే బల్ల మీద, కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఫైలు చూసి ఏమన్నాడో తెలుసా? "చిన్నప్పుడే తీయించేసి ఉండాల్సిందండీ." నేను నవ్వాను. ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది నిజంగా.

మత్తులో రిస్కు లేదని నేననడం లేదు. కుక్కలు, పిల్లులతో పోలిస్తే కుందేళ్లకు ఎక్కువే. కానీ ఆ రిస్కు చేసేవాళ్లకు తెలిసినకొద్దీ తగ్గుతుంది. కుందేలుకు వాంతి కాదు, అంత మాత్రం తెలిసినా దాన్ని మత్తుకు ముందు పస్తు పెట్టరు. ఎక్స్-రేకు మాకు చెప్పిందేమిటి? "రాత్రి నుంచి ఏమీ పెట్టకండి." పూట తినకపోతే పేగులు కదలడం ఆగిపోయే జంతువును రాత్రంతా పస్తుంచమంటారు. కుక్కల కోసం ప్రింట్ చేసిన చీటీ అది. పైన కుక్క బొమ్మ కూడా ఉంది.

ఆ క్లినిక్ ఫారంలో జంతువు పేరు దగ్గర మూడే గడులు. డాగ్, క్యాట్, అదర్స్. ఎనిమిదేళ్లుగా జున్ను "అదర్స్". బిల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఎగ్జాటిక్", అంటే రేటు డబుల్. వైద్యం తెలియకపోవడానికి డబుల్ చార్జీ వసూలు చేసే వృత్తి ఇంకేదైనా ఉంటే చెప్పండి.

మొదటిసారి మూత్రం ఎర్రగా వచ్చినప్పుడు "బీట్‌రూట్ తినిందేమో" అని పంపించేశారు. నిజమే, కొన్ని ఆకుకూరల రంగు వల్ల కుందేలు మూత్రం ఎర్రబడుతుంది, రక్తం కానక్కర్లేదు. అయితే అది రంగో రక్తమో తేల్చడానికి ఒక చిన్న కాగితం పట్టీ ముంచితే చాలు. ముంచలేదు. ఐదు నిమిషాల పని. బయట లాబ్రడార్ వెయిటింగ్.

ఇంకొక మహానుభావుడు పొత్తికడుపులో చేతికి తగిలింది చీముగడ్డ అనుకుని పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ రాసిచ్చాడు. తెలియనివాళ్లకు చెప్తున్నా, దయచేసి గుర్తుపెట్టుకోండి: ఆ మందు నోటి ద్వారా కుందేలుకు వేయకూడదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పోయి, చెడ్డది పెరిగి, విషమెక్కి చచ్చిపోతుంది. మెడికల్ షాపులో కొనకుండా చీటీని అక్కడే చింపేశాను. షాపు అబ్బాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ.

ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ వేరే. ఊరికి ఆ చివర. కుందేళ్లు తెలిసిన మనిషి. ఆవిడ చెప్పాకే తెలిసింది, నొప్పికి వాడే మెలాక్సికామ్ కుందేలు ఒంట్లో త్వరగా అరిగిపోతుందని, కిలోకి లెక్కేస్తే కుక్కకిచ్చే దానికన్నా ఎక్కువ కావాలని. అంటే అంతకుముందు వారాల తరబడి కుక్క లెక్కన వేసిన మందు దానికి సరిపోలేదు. (మీ అంతట మీరు డోసు పెంచకండి, డాక్టరును అడగండి.) ఆ వారాల్లో అది ఏం చేసిందో తెలుసా? ఏమీ చేయలేదు. కుందేలు మామూలుగా అరవదు, మూలగదు. వేటాడే జంతువుకు దొరక్కుండా నొప్పి దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. ఒక మూల ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు నూరుతూ కూర్చుంటుంది. మా ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి "ఎంత బుద్ధిగా కూర్చుందో" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సలహాల గురించి చెప్పకపోతే ఎలా. ఒకాయన "కేబీఆర్ పార్కులో వదిలేయండి, ప్రకృతే చూసుకుంటుంది" అన్నాడు. ప్రకృతి అంటే ఇక్కడ వీధికుక్కలన్నమాట. మన అడవి కుందేలు వేరు, ఇది వేరండీ బాబూ. అడవి కుందేలు పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. జున్ను పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు బొరియల్లో బతికినవి, వీటి పిల్లలు బొచ్చు లేకుండా కళ్లు మూసుకుని పుడతాయి. ఒంటి కన్నుతో, రొమ్ము ఎగరేసుకుంటూ ఊపిరి తీసే ఈ ముసలిది పార్కులో పూట కూడా బతకదు.

ఇక ఆఫీసులో జోకు. "ఆదివారం కూరకు పిలుస్తారా?" కుందేలుందని తెలిసిన ప్రతి మగాడూ ఈ జోకు తానే కనిపెట్టినట్టు వేస్తాడు. క్యాన్సరని చెప్పాక కూడా వేశాడొకడు. "అయితే తినకూడదేమో" అని సవరించుకున్నాడు. సంస్కారం.

క్యారెట్ పెట్టమనే ఆంటీలు వేరే బ్యాచ్. కుందేలు తిండిలో ముప్పావు వంతుకు మించి గడ్డే ఉండాలి, దాని పళ్లు బతికున్నంతకాలం పెరుగుతాయి కాబట్టి అరగదీసుకోవాలి. క్యారెట్ దానికి మిఠాయి. సరే, గడ్డి ఎక్కడుంది? విదేశాల నుంచి వచ్చే తిమోతీ గడ్డి కిలో రేటు వింటే బాస్మతి బియ్యమే నయం. గరిక పెట్టొచ్చు, బ్రహ్మాండంగా తింటుంది. వినాయక చవితికి రోడ్డు పొడవునా గరిక, మర్నాడు అదే గరిక డ్రైనేజీలో, ఆ తర్వాత ఏడాదంతా వెతికినా దొరకదు. మందు కొట్టని గరిక కోసం నేను మున్సిపల్ పార్కుల మాలీలతో చేసుకున్న స్నేహాలు చుట్టాలతో కూడా లేవు. అయినా పూజకు కట్టలు కట్టలు కొనేవాళ్లలో ఒక్కరు ఆ మిగిలింది "మీ కుందేలుకు పెట్టమ్మా" అని ఇచ్చారా? గుడి అరుగు మీద కుళ్లిపోవచ్చు గానీ...

సరే, దారి తప్పాను. కరెంటు బిల్లుకు వద్దాం. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చెవుల గుండా పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. హైదరాబాద్ మే నెలలో మనకే నలభై దాటుతుంది. అందుకని మధ్యాహ్నం ఏసీ వేస్తాను. "చెవులపిల్లికి ఏసీ అంట!" అని పక్క ఫ్లాట్‌లో నవ్వులు. నా ఏసీ, నా బిల్లు. మీ బాల్కనీలో సీరియల్ లైట్లు దీపావళి నుంచి సంక్రాంతి దాకా వెలిగితే నేను మీటరు చూసి నవ్వానా?

ఐదొందలకు జత ఎందుకొస్తుందో కూడా అంకుల్‌కు చెప్పాల్సింది, లిఫ్ట్ ఆగిపోయింది. తల్లి పాలు మానకముందే తెచ్చి, ఎండలో పంజరంలో కుక్కి, "చిన్న జాతి, ఇంతే ఉంటాయి" అని అబద్ధం చెప్పి అమ్ముతారు కాబట్టి. 2018లో కేంద్రం పెట్ షాపులకు నిబంధనలు తెచ్చింది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని అందులో ఉంది. రోడ్డు పక్క పంజరానికి ఏ రిజిస్ట్రేషను? జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఎండాకాలంలో ఆ పది రూపాయలకు కొత్తిమీర కట్ట కూడా రాదు.

జున్ను అలాంటి పంజరంలోంచే వచ్చింది. కొన్నది నేను కాదు. మా బావగారు. వాళ్ల పాప పుట్టినరోజుకు జతను రిబ్బన్ కట్టి తెచ్చారు. కేకు కోశారు, ఫొటోలు దిగారు. వారం తిరక్కముందే ఒకటి విరేచనాలై పోయింది. రెండోది సోఫా మీద మూత్రం పోసిందని, చార్జర్ వైరు కొరికిందని బాల్కనీలోకి మారింది. తర్వాత "సెలవులకు ఊరెళ్తున్నాం, రెండు వారాలు చూసుకో" అని నా దగ్గర పెట్టి వెళ్లారు. ఆ సెలవులు ఇంకా అయిపోలేదు.

నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఎక్స్-రే సంగతి పెడితే అదే బావగారి మెసేజ్: "ఈ వయసులో దానికి ఇంత అవసరమా? ప్రాక్టికల్‌గా ఆలోచించాలి." కింద ఇద్దరు థంబ్స్ అప్. ఒకరు మా అక్క.

ప్రాక్టికల్. ఈ మాట నాకు కొత్త కాదు. అమ్మ మోకాళ్లు అరిగిపోయి గోడ పట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లే రోజుల్లో, ఆపరేషన్ చేయిద్దామని నేనంటే, ఇదే మనిషి మా హాల్లో కాలు మీద కాలేసుకుని "ఈ వయసులో కోత ఎందుకండీ అత్తయ్యగారూ, తైలం రాసుకోండి, ప్రాక్టికల్‌గా ఆలోచించండి" అన్నారు. అప్పటికి అమ్మకు అరవై రెండు. అరవై రెండు ఒక వయసా? అమ్మ వింది. అల్లుడుగారు చెప్పారు కదా మరి. ఏళ్ల తరబడి తైలం రాసుకుంది. అదే సంవత్సరం ఆయనగారి గృహప్రవేశానికి రెండు రకాల బిర్యానీ, ఐస్‌క్రీమ్ స్టాలు, డ్రోన్ కెమెరా. మెట్లెక్కలేక అమ్మ కింద కుర్చీలోనే కూర్చుని అక్షింతలు వేసింది, డ్రోన్‌లో అది పడలేదు.

చివరికి నాన్న పెన్షన్ డబ్బు, నా పీఎఫ్ కలిపి చేయించాం. అమ్మ ఇప్పుడు మార్కెట్‌కు నడిచి వెళ్తుంది, జున్నుకు మెంతికూర ఏరుకొస్తుంది. పోయిన నెల పెళ్లిలో అమ్మ నడక చూసి ఎవరో మెచ్చుకుంటే, బావగారు పక్కనుంచి "మేమే పట్టుబట్టి చేయించామండీ" అన్నారు. నా చేతిలో పాయసం గ్లాసు ఉంది. విసరలేదు. పెద్దమనిషి తరహా అంటే అదే.

నొప్పి ఎవరిదైనా వీళ్ల లెక్క ఒకటే. ముందు వయసు అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. అమ్మకు ధర అడగలేరు కాబట్టి వయసుతో సరిపెట్టారు.

డాక్టరమ్మ నాకు స్పష్టంగా చెప్పింది. కొత్తిమీర కూడా వద్దంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తే, ఇక ఆలస్యం చేయకుండా తీసుకురమ్మంది. కుందేలు మామూలుగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, నోరు తెరిచిందంటే పరిస్థితి చేయి దాటినట్టే. ఆ రోజు ఇంజెక్షన్ ఇప్పిస్తాను. "అయ్యో, ప్రాణం తీయడం పాపం" అనడానికి అప్పుడు మళ్లీ వీళ్లే వస్తారు, రాసిపెట్టుకోండి. ఐదొందలకు జత కొనుక్కోమన్న నోళ్లే. ఆ పాపమేదో నేనే మోస్తాను, మీరు దూరంగా ఉంటే చాలు.

బావగారు ఈ పోస్టు చూస్తారని నాకు తెలుసు, లైక్ కొట్టరుగానీ అన్నీ చదువుతారు. బావగారూ, జున్ను మీ పాప పుట్టినరోజు కానుక. ఎనిమిదేళ్ల బిల్లులు ఫైల్లో వరసగా పెట్టాను, ఎక్స్-రేది కూడా. మొత్తం అడగనండీ, సగం ఇస్తే చాలు. నా ఫోన్‌పే నంబరు మారలేదు. అమ్మ మోకాలి సంగతి దసరాకు అందరం కలిసినప్పుడు మాట్లాడుకుందాం, అక్కను కూడా రమ్మనండి.