చిత్రగుప్తుడి చిట్టా తెర మీద కనిపిస్తే

కూకట్‌పల్లిలో మా అక్క వాళ్లింట్లో ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక, ఇంటర్ చదివే మా మేనల్లుడు 'మాస్ ఎఫెక్ట్' అనే వీడియో గేము ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. తెర మీద ఎవరో తన గోడు చెప్పుకుంటున్నారు. బదులుగా మనం అనగలిగే మాటలు ఒక చక్రం చుట్టూ వచ్చాయి. వాడు ఒక్క ముక్క చదవకుండా పైనున్నదాన్ని నొక్కేశాడు.

"చదవకుండానే నొక్కేస్తున్నావేంట్రా?"

"పైన వచ్చేది మంచి మాట మామయ్యా. కిందది రఫ్‌గా ఉంటుంది. నేను మంచోడిగా ఆడుతున్నా కదా, చదవక్కర్లేదు."

మంచి చేయడానికి ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో వినక్కర్లేదట! వాడిని తప్పు పట్టలేను. ఆ ఆటని కట్టిన తీరే అంత. 2007లో మొదటి భాగం, 2010లో రెండోది వచ్చాయి. మర్యాదగా నడుచుకుంటే ఒక ఖాతాలో, మొండిగా నడుచుకుంటే ఇంకో ఖాతాలో పాయింట్లు పడతాయి. రెండో భాగంలో ఇంకో మెలిక ఉంది. ఒక ఖాతాలో బాగా కూడబెట్టినవాడికే కష్టకాలంలో గట్టి మాటలు అందుబాటులోకి వస్తాయి. ఒకచోట దయ, ఇంకోచోట కోపం చూపించినవాడికి రెండు వైపులా తలుపులు మూసుకుంటాయి. మనుషులు నిజానికి అలాగే కదా ఉంటారు, ఇంట్లో ఒకలా, ఆఫీసులో ఒకలా! ఆట మాత్రం మొదట్లోనే ఒక పక్షం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండమంటుంది. మా వాడు ఆ పని చేశాడు. ఒక్కసారి నిర్ణయించుకున్నాడు, మిగతా నలభై గంటలూ వాడి వేలే ఆడింది.

చిత్రగుప్తుడి చిట్టా గురించి మన ఇళ్లలో చిన్నప్పటినుంచీ వింటాం. ఆ చిట్టాలో నా దృష్టిలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. బతికుండగా అది మనకి కనిపించదు. ఎంత రాశాడో, ఏ పనిని ఏ వైపు రాశాడో తెలియదు. తెలియదు కాబట్టే రోడ్డు మీద పడ్డవాడిని లేపేటప్పుడు మనం పుణ్యం లెక్క వేసుకోం. చాలా వీడియో గేములు ఆ పుస్తకాన్ని తెచ్చి తెర మీద పెట్టేశాయి. 2003లో వచ్చిన స్టార్ వార్స్ ఆట 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్'లో వెలుగు వైపు ఎంత జరిగావో, చీకటి వైపు ఎంత జరిగావో గీత చూపిస్తుంది. 2004 నాటి 'ఫేబుల్'లో మంచివాడి తల చుట్టూ కాంతి వస్తుంది, చెడ్డవాడికి కొమ్ములు మొలుస్తాయి. చేసిన పనికి ఫలితం కంటికి కనిపించాలన్నది వాళ్ల ఉద్దేశం, అందులో తప్పేం లేదు. కానీ గీత కనిపించిన మరుక్షణం మనసు ఎదుటివాడి మీద నుంచి గీత మీదకు పోతుంది.

'బయోషాక్' (2007) లెక్క ఒకసారి చూడండి. సముద్రం అడుగున శిథిలమైన నగరం. అక్కడ చిన్న పిల్లల ఒంట్లో ఒక విలువైన పదార్థం ఉంటుంది, ఆటగాడి శక్తులన్నీ దాంతోనే కొనాలి. పిల్లని చంపి తీసుకుంటే 160, కాపాడితే 80. నిజంగా గుండె బరువెక్కే చోటు ఇది. ఆ పిల్ల చేతుల్లో గింజుకుంటూ ఉంటుంది. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ ఒక బహుమతి పెట్టె వస్తుంది, అందులో 200. ముగ్గురిని చంపితే 480, కాపాడితే 440. తేడా నలభై. పైగా, చంపినవాడికి దొరకని శక్తులు కూడా ఆ పెట్టెల్లో ఉంటాయి. అంత భయంకరమైన ప్రశ్న అడిగి, చివరికి దాన్ని బ్యాంకు వడ్డీ స్కీము చేశారు. ఈరోజు వదులుకుంటే రేపు తిరిగొస్తుందని తెలిశాక వదులుకోవడంలో బాధ ఏముంటుంది?

'మాస్ ఎఫెక్ట్' మీద పనిచేసిన ఒక ఉద్యోగి 2020లో ట్విట్టర్‌లో చెప్పిన లెక్క ప్రకారం సుమారు 92 శాతం మంది మంచి దారిలోనే ఆడారు. చూశారా, మనుషులు సహజంగా మంచివాళ్లేనని చాలామంది సంతోషించారు. నాకూ ఆ మాట నమ్మాలనే ఉంది. కాకపోతే ఆ అంకె దానికి సాక్ష్యం కాదనుకుంటాను. ఖర్చు లేనిచోట అందరూ దాతలే.

ఇక్కడ నాకు ధర్మరాజు రథం గుర్తొస్తుంది. అబద్ధం ఎరగనివాడు కాబట్టి ఆయన రథం నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచేదట. ద్రోణుడితో 'అశ్వత్థామ హతః' అని గట్టిగా అని, 'కుంజరః' అని లోగొంతుకలో అన్నాక నేలను తాకింది. కంటికి కనిపించే కొలతే, నిజమే. కానీ రథం ఎత్తు కాపాడుకోవడానికి ధర్మరాజు సత్యం పలకలేదు. అబద్ధం ఆడిన రోజున పణంగా ఉన్నది ఎత్తు కాదు, యుద్ధమే. ఆ అబద్ధం అవసరమా కాదా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం. ఏ వైపు చూసినా నష్టమే కనుక.

ఆటలకి ఇది చేతకాదని అనుకోకండి. 1985లోనే రిచర్డ్ గారియట్ అనే గేమ్ డిజైనర్ 'అల్టిమా 4' చేశాడు. అంతకుముందు ఆటల్లో గెలుపు కోసం జనం దుకాణాలు దోచి, అమాయకులని చంపడం ఆయన్ని కలవరపెట్టింది. అందుకే చంపాల్సిన మహా విలన్ లేని ఆట రాశాడు. నిజాయితీ, దయ, త్యాగం లాంటి ఎనిమిది గుణాలు సంపాదించి 'అవతార్' కావాలి. మాట మనదే. అందులో మూలికలమ్మే ఆవిడకి కళ్లు కనిపించవు. ధర చెబుతుంది, ఎంత ఇవ్వాలో నువ్వే టైప్ చేయాలి. ఒక్క నాణెం ఇచ్చినా సంచి చేతికొస్తుంది. గంట మోగదు, కొమ్ములు మొలవవు. నిజాయితీ తగ్గిపోయిందని చాలాకాలం తర్వాత నీ అంతట నువ్వు తెలుసుకోవాలి. ఒక జ్ఞాని దగ్గరికి వెళ్లి అడిగితే మాటల్లో చెబుతాడు, అంకెల్లో కాదు. నలభై ఏళ్ల కిందటి కంప్యూటర్ మీద ఇంత సూక్ష్మంగా ఆలోచించిన మనిషికి దండం పెట్టాలి.

మన దగ్గర గేముల గురించి మాట్లాడితే తల్లిదండ్రుల టెన్షన్ అంతా టైమ్, డబ్బు, తుపాకుల చుట్టూ తిరుగుతుంది. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు చాలా ఇళ్లలో పిల్లల మంచి కోసమే అనుకున్నారు. ప్రభుత్వం చెప్పిన కారణం డేటా, దేశ భద్రత. ఇవాళ ఆటలో ఏం నిర్ణయం తీసుకున్నావు, ఎందుకు తీసుకున్నావు అని పిల్లల్ని అడిగిన అమ్మానాన్నలు నాకు ఇంతవరకు తగల్లేదు.

నేను అడగాలనుకున్నాను. ఆ సాయంత్రమే మావాడి లాప్‌టాప్‌లో 'పేపర్స్, ప్లీజ్' వేయించాను. 2013లో లూకస్ పోప్ ఒక్కడే కూర్చుని చేసిన ఆట. ఊహాజనితమైన ఒక నియంతృత్వ దేశం సరిహద్దులో నువ్వు ఇమిగ్రేషన్ ఉద్యోగివి. కాగితాలు సరిచూసి పచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేయాలి. ఎంతమందిని సరిగ్గా పంపితే అంత జీతం. రోజుకి రెండు తప్పులకి హెచ్చరిక, మూడోదాని నుంచి జరిమానా. రాత్రికి అద్దె, తిండి, చలికి హీటర్ ఖర్చు ఆ జీతంలోంచే వెళ్లాలి. పుణ్యం మీటరు ఎక్కడా లేదు.

హైదరాబాద్ వాడికి ఈ ఆట తగిలినట్టు ఇంకెవరికీ తగలదేమో. వీసా అన్నది ఈ ఊళ్లో ఇంటింటి కథ. మొదట బేగంపేట పైగా ప్యాలెస్ దగ్గర, 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ముందు ఫైలు గుండెకి హత్తుకుని నిలబడ్డవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. చిలుకూరు బాలాజీకి మొక్కేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూటెనిమిది. అద్దానికి ఇవతలి వైపు మనకి బాగా తెలుసు. ఈ ఆట మనల్ని అవతల కూర్చోబెడుతుంది.

ఆటలో ఐదో రోజు ఒకాయన వచ్చాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నా వెనకే మా ఆవిడ వస్తోంది, కాస్త దయ చూపించండి అని చెప్పి వెళ్లాడు. ఆవిడ వచ్చింది. ప్రవేశ పర్మిట్ లేదు. వెనక్కి వెళితే చంపేస్తారంటోంది.

మావాడు ముద్ర కిందకి పాస్‌పోర్ట్ జరిపి ఆగిపోయాడు. "ఇవాళ రెండు తప్పులు అయిపోయాయి మామయ్యా. ఇది మూడోది."

నేనేం అనలేదు. కాసేపు చూసి పచ్చ ముద్ర వేశాడు. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్లింది. వెంటనే కరకరమంటూ జరిమానా చీటీ వచ్చి బల్ల మీద పడింది. తర్వాత వచ్చిన మనిషి కాగితాల్లో ఏదో తేడా ఉంది. మావాడు మొహం కూడా చూడకుండా ఎర్ర ముద్ర కొట్టేశాడు. రాత్రి లెక్కలో డబ్బు చాల్లేదు. హీటర్ ముందున్న టిక్ తీసేశాడు.

"ఆవిడ తర్వాత వచ్చిన మనిషి ఏమన్నాడో చదివావా?" అన్నాను.

లేదని తలూపాడు. అక్క వంటింట్లోంచి టీకి పిలుస్తోంది. వాడు లేవలేదు. పాత రోజుల పట్టిక తెరిచి, ఐదో రోజుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి వరుసలో ఒక్కొక్కరి మాటా చదువుతున్నాడు. గడియారం తిరిగిపోతోంది. సాయంత్రం గంట కొట్టేసరికి ఇందాకటి కన్నా ముగ్గురు తక్కువే దాటారు.