ప్రాగా? బుడాపెస్టా? ఎక్సెల్ షీటే తేల్చాలి

ఈస్టర్‌కి ఇంగ్లండ్‌లో వరసగా నాలుగు రోజులు సెలవు. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మండే, మధ్యలో శనాదివారాలు. ఆ నాలుగు రోజులూ ఇంటిపట్టున ఉంటే ప్రభుత్వం వర్క్ వీసా రద్దు చేస్తుందన్న నమ్మకంతో అక్కడి మన తెలుగువాళ్లు చాలామంది బతుకుతున్నారు. అందుకని సంక్రాంతి అరిసెలు డబ్బా అడుగు తగలకముందే ఇంటింటా ఒకటే చర్చ మొదలవుతుంది: ప్రాగా, బుడాపెస్టా?

పారిస్ అందరూ చూసేశారు కనక చెప్పుకోవడానికి పనికిరాదు. స్విట్జర్లాండ్‌లో కాఫీ తాగాలన్నా జేబు తడుముకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌కి అత్తామామల్ని వెంటబెట్టుకుని వెళ్లలేం. ఇక మిగిలినవి ఈ రెండే: చెక్ రాజధాని ప్రాగ్, హంగేరీ రాజధాని బుడాపెస్ట్. రెండూ నది ఒడ్డునే ఉన్నాయి. రెండింటికీ గుట్ట మీద కోట ఉంది. రెండింటిలోనూ యూరో కాకుండా సొంత డబ్బు నడుస్తుంది: ప్రాగ్‌లో కొరునాకి సుమారు నాలుగు రూపాయలు, బుడాపెస్ట్‌లో రూపాయికి సుమారు నాలుగు ఫోరింట్లు. ఎటు వెళ్లినా నష్టం లేదు. ఎటు వెళ్లినా నష్టం లేదంటే మనవాడికి నిద్ర పట్టదు, ఎక్కడో ఏదో మోసం ఉందనిపిస్తుంది. కాబట్టి మా బావమరిది షీట్ తెరిచాడు.

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. మనుషులకి అప్రైజల్ రేటింగులు వేసి వేసి తేలికైన చెయ్యి. ఎడమవైపు ప్రాగ్, కుడివైపు బుడాపెస్ట్. వరసల్లో వారసత్వం, లోకల్ ఫుడ్, ఫోటో స్పాట్స్, పిల్లలకు కాలక్షేపం, పెద్దవాళ్లకు బాత్రూములు, మన తిండి. ఒక్కోదానికీ వెయిటేజీ. మన తిండికి ముప్పై శాతం, వారసత్వానికి ఐదు. ఈ ఐదూ కూడా వాళ్లావిడ పట్టుబడితే ఇచ్చాడట.

శనివారం సాయంత్రం హాల్లో అఖిలపక్ష సమావేశం. షీట్‌ని టీవీ మీద వేశారు. బావమరిది, వాళ్లావిడ, తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు, పక్క వీధి దంపతులు. పని మీద వచ్చి వాళ్లింట్లో దిగిన పాపానికి నేను తటస్థ పరిశీలకుణ్ని.

మొదటి అంశం గడియారం. ప్రాగ్ పాత పట్టణం చౌరస్తాలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఏ దశలో ఉన్నాడో చెబుతుంది, గోడకి పంచాంగం కట్టినట్టు. గంట గంటకీ ఓ అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, పైన రెండు చిన్న కిటికీల్లో అపొస్తలులు వరసగా కనిపించి పోతారు, చివర్లో కోడి కూస్తుంది. మొత్తం నిమిషం కూడా పట్టదు. దాని రీల్ వేశారు. రీల్‌లో గడియారం కనబడలేదు. గడియారానికి ఎత్తిపట్టిన వందల ఫోన్లు కనబడ్డాయి, వాటి స్క్రీన్లలో బఠాణీ గింజంత గడియారాలు.

“ఇంతేనా?” అన్నారు అత్తగారు.

“ఇంతేనమ్మా. ఆరొందల ఏళ్ల నాటిది.”

“ఆరొందల ఏళ్ల నుంచీ ఉంటే వచ్చే ఏడు కూడా ఉంటుందిగా. తొందరేముంది?”

ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. పక్క వీధి ఆయన గొంతు సవరించుకుని, అరగంట నిలబడి ముప్పావు నిమిషం చూడటం అంటే రిటర్న్ చాలా తక్కువనీ, వెయిటింగ్ టైమ్‌కి మైనస్ మార్కులు ఉండాలనీ సవరణ ప్రతిపాదించారు. బావమరిది ఒప్పుకున్నాడు. వాళ్లావిడ ఒప్పుకోలేదు, పిల్లలకి అస్థిపంజరం నచ్చుతుందంది. పిల్లల్ని పిలిపించి అడిగారు. వాళ్లు ఫోన్లోంచి తలెత్తకుండానే “వైఫై ఉంటుందా?” అన్నారు. షీట్‌లో కొత్త వరస చేరింది. గడియారానికి చివరికి ఆరున్నర పడింది. ఆ అర కోడి కూసినందుకు.

రెండో అంశం బుడాపెస్ట్ స్నానాలు. 1913 నుంచి నడుస్తున్న సేచెనీ స్నానశాలలో భూమిలోంచి ఉబికే వేడినీళ్లలో చలికాలం కూడా జనం ఆరుబయట కూర్చుని చదరంగం ఆడుకుంటారు. “వేణ్ణీళ్లకి డబ్బులా?” అన్నారు అత్తగారు. ఔషధ గుణాలున్న నీళ్లమ్మా అని కొడుకు. “గీజర్లోంచి వస్తే గుణం పోతుందేంట్రా?” దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అసలు ప్రశ్న, ఏం కట్టుకుని దిగుతారన్నది, అందరి మనసులోనూ ఉంది, ఎవరి నోట్లోంచీ రాలేదు. “అన్నయ్యా, మీరేమంటారు?” అంది మా చెల్లమ్మ. నేను తటస్థుణ్ని కదా, పకోడీ అందుకున్నాను.

తర్వాత వారసత్వం. ప్రాగ్ చార్లెస్ వంతెనకి 1357లో రాజు నాలుగో చార్లెస్ శంకుస్థాపన చేశాడు. బుడాపెస్ట్‌లో జాలర్ల బురుజు అని ఒకటుంది, తెల్లగా, పెళ్లిమండపం సెట్టింగులా. 1902లో పూర్తయింది. అక్కడ నిలబడి ఏ సైనికుడూ ఏ శత్రువు మీదా బాణం వెయ్యలేదు, కట్టిందే నదిని, ఊరిని చూడటానికి. మా కమిటీ వంతెనకి ఏడు, బురుజుకి తొమ్మిది వేసింది. కారణం లైటింగ్.

లోకల్ ఫుడ్ దగ్గర నా తటస్థత కొంచెం బీటవారింది. ప్రాగ్ పాత పట్టణంలో అడుగడుగునా కర్రకి పిండి చుట్టి కాల్చి పంచదార అద్దిన గొట్టం అమ్ముతారు. ‘ప్రాచీన బొహీమియా సంప్రదాయం’ అని బోర్డులు. బొహీమియా అంటే ప్రాగ్ ఉన్న ప్రాంతమే. చెక్ ముసలమ్మని ఎవరినన్నా అడగండి, మా చిన్నప్పుడు ఇది ఎరగం అంటుంది. టూరిస్టుల కోసం దిగుమతైన సంప్రదాయం అది. ఇదే బాపతు గొట్టం ట్రాన్సిల్వేనియా హంగేరియన్లది, బుడాపెస్ట్‌లోనూ వీధి వీధినా దొరుకుతుంది. స్లోవేకియాలోని స్కలిత్సా ఊరివాళ్లు తమదానికి 2007లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మా షీట్‌లో ఈ గొట్టానికి ప్రాగ్ కింద తొమ్మిది, బుడాపెస్ట్ కింద ఆరు. అదేంట్రా అంటే ప్రాగ్ రీల్‌లో లోపల ఐస్‌క్రీమ్ పెట్టారన్నాడు.

ఇంతవరకూ నాకూ సరదాగానే ఉంది. తర్వాతి వరస ఫోటో స్పాట్స్. బుడాపెస్ట్ కింద మొదటి పేరు: డాన్యూబ్ బూట్లు. పదికి పది.

పార్లమెంటు భవనానికి కాస్త దూరంలో డాన్యూబ్ నది గట్టు మీద ఇనుముతో పోత పోసిన అరవై జతల బూట్లు ఉంటాయి. 2005లో పెట్టారు. 1944-45 చలికాలంలో ‘యారో క్రాస్’ అనే హంగేరీ నాజీల ముఠా యూదుల్ని ఆ ఒడ్డుకి తోలుకొచ్చి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి తోసేసింది. బూట్లు ఎందుకు విప్పించారంటే యుద్ధకాలంలో బూట్లకి ధర పలుకుతుంది, మనిషికి పలకదు. వాటిలో పసిపిల్లల బూట్లు కూడా ఉన్నాయి. టీవీ మీద వేసిన రీల్‌లో ఒక మహాతల్లి ఆ చిన్న బూటు పక్కన కూర్చుని, తన చెప్పు విప్పి, కాలు ఇంకో బూట్లో దూర్చి, జుట్టు ఎగరేసి నవ్వింది. వెనకాల పాట. “లొకేషన్ సూపర్ కదా బావా” అన్నాడు మావాడు.

ప్రాగ్ కింద పింకాస్ యూదుల ప్రార్థనాలయం ఉంది. నాజీల చేతుల్లో హత్యకు గురైన చెక్ ప్రాంతాల (బొహీమియా, మొరేవియా) యూదులు దాదాపు 78 వేల మంది పేర్లు దాని గోడల మీద చేత్తో రాసి ఉన్నాయి. దానికి రెండు మార్కులు. రిమార్క్స్‌లో ఇలా రాశాడు: ‘గోడల నిండా పేర్లే, ఫోటోకి బాగోదు, టికెట్ కూడా ఉంది.’

సిగ్గుండక్కర్లా? అడుగుతున్నాను. ఈ షీట్ కట్టడానికి వారాంతాలకి వారాంతాలు దొరికాయి, ఆ బూట్లు ఎవరివో చదవడానికి రెండు నిమిషాలు దొరకలేదా? చంపినవాడు బూటుకి వెల కట్టాడు, నువ్వు లైకులు కట్టావు. తెలియక చేశాడని సర్దిచెప్పకండి, ఆ రీల్ కిందే నాలుగు లైన్ల చరిత్ర ఉంది, ‘మోర్’ నొక్కితే వస్తుంది. నొక్కలేదు. జలియన్‌వాలాబాగ్‌లో గోడ మీద గుండు దెబ్బల పక్కన వేళ్లతో వి గుర్తు చూపిస్తూ పళ్లికిలించేవాళ్లం మనం, విమానమెక్కినంత మాత్రాన బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది? ఇవన్నీ కాస్త గట్టిగానే అన్నాను. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు ఒక్కరే “ఆ వరస తీసెయ్యరా” అన్నారు. తీసేశాడు. తీసేస్తే రెండు ఊళ్లకీ మార్కులు సమానమయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది, షీట్‌లో అసలు వరసే లేదు. మనది భారత పాస్‌పోర్టు. షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా, కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి తలకి 90 యూరోలు, కాదు పొమ్మన్నా తిరిగి రావు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో పడుకుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఈలోపు మావాడు ఆఫర్ పోతుందని ఒక ఊరికి రిఫండ్ లేని టికెట్లు కొనేశాడు. వీసా స్లాట్ ఇంకో దేశానికి దొరికింది.

ఇప్పుడు రెండూ చూస్తున్నారట. నాలుగు రోజుల్లో దాదాపు ఏడు గంటలు ఈ ఊరి నుంచి ఆ ఊరికి రైల్లోనే. ఆ రైలు దారిలో స్లోవేకియా రాజధాని బ్రాటిస్లావాలో ఆగుతుంది, ఎలాగూ ఆగుతుంది కదా అని షీట్‌లో మూడో కాలమ్ తెరిచాడు. కిటికీలోంచి కనబడినంత మేరకు మార్కులు వేస్తాడట.