కరివేపాకు చెట్టు మీది పురుగు గారికి

అయ్యా,

గొంగళిపురుగు గారూ అందామంటే తమరి ఒంటి మీద ఒక్క వెంట్రుకైనా లేదు. వట్టి పురుగు అందామంటే మా కోనసీమ మర్యాద ఒప్పుకోదు. అయ్యా అంటున్నాను, సర్దుకోండి.

తమరి మూలంగా ఎదురింటి పిన్నిగారికీ నాకూ నాలుగు రోజులుగా మాటల్లేవండి. పొద్దున్నే పెరట్లోకి వెళ్తే రెబ్బలకు ఈనెలే మిగులుతున్నాయి. సాయంత్రం చారులోకి రెండు రెబ్బలు తుంపుకెళ్ళడం ఆవిడకి అలవాటు. ఇంకేం, "చెట్టు ఊరుమ్మడిదనుకుంటున్నారు కొందరు" అని కాలవగట్టు దాకా వినబడేలా అనేశాను.

నిజానికి తమరిని ముందే చూశాను. ఆకు మీద గోధుమరంగులో, నడుమ తెల్లమరకతో కనబడితే కాకిరెట్ట అనుకుని చెంబుడు నీళ్ళు కొట్టాను. కదిలితే ఒట్టు! నాలుగు దశల దాకా ఆ రెట్ట వేషమేనట. నాలుగోసారి కుబుసం విడిచాక ఒక్కసారిగా పచ్చరంగట. ఒంట్లో ఒక హార్మోను తగ్గడం వల్లే ఆ మార్పని తమరి జ్ఞాతుల మీద జపాన్ వాళ్ళు 2008లో తేల్చారు. మాకు హార్మోన్లు అటూ ఇటూ అయితే మాత్రలు రాస్తారు. తమరికి కొత్తబట్టలు!

ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అనే చిమ్మట పిల్లపురుగులు ఇంకా ఘనులు. కళ్ళకి నల్లరంగు పూసేసినా, కూర్చున్న పుల్ల రంగులోకే మారాయి. చర్మంతోనే రంగు పసిగడుతున్నాయని 2019లో రాశారు. నాకు రెండు కళ్ళూ, వాటి మీద అద్దాలూ ఉండి తమరు కనబడలేదు.

నిన్న పోపు మాడిపోతోందని పరుగున వచ్చి కొమ్మ లాగాను. ఆకనుకున్నది మెత్తగా తగిలింది. వీపు మీద రెండు దొంగకళ్ళు! తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. ఆ కంపు! పోపు మాడింది, అది వేరే సంగతి.

కోపం మాట అటుంచండి, ఒక్కటి ఒప్పుకోవాలి. కూరలో కరివేపాకని మేం తీసి పక్కన పెట్టేదే తమరికి పెళ్ళిభోజనం. రుచి తెలిసినవారు!

రెబ్బతో సహా తుంచి కాలవలో పడేద్దామనుకున్నా, సాక్ష్యం పోతుందని ఆగాను. ఇవాళ సిగ్గు విడిచి పిన్నిగారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తమరు లేరు. సీతాకోకచిలుక కావడానికి ముందు కదలకుండా ఉండే ప్యూపా అయ్యే వేళేమో. ఆకుల మధ్య పచ్చకొమ్మ దొరికితే పచ్చగానూ, గరుకు ఎండుపుల్ల అయితే గోధుమరంగులోనూ ఉంటారటగా. కొమ్మకొమ్మా తిరగేశాం. పిన్నిగారు కళ్ళజోడు పైకెత్తి, "ఏదమ్మా ఆ పురుగు?" అన్నారు. ఆ అడగడంలోనే అంతా ఉందండి, ఆయ్!

ఏ రంగులో ఉన్నా సరే, రేపు సాయంత్రం చారు వేళకి ఒక్కసారి కనబడి వెళ్ళండి.

ఇట్లు,
ఈనెలతో పోపు పెట్టుకుంటున్న తమరి ఇంటి ఓనరు