బావ మీద పోటీకి నిలబడిన బావమరిది

పోయిన ఆదివారం మా బావమరిది తన కొడుకును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. కుర్రవాడికి ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ ఎప్పుడో అయిపోయింది, ఉద్యోగం ఇంకా మొదలు కాలేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని అనంతపురంలో యువనాయకత్వం అంటారు. సప్తగిరి సర్కిల్‌లో ఏ పెద్దమనిషి పుట్టినరోజుకు ఫ్లెక్సీ లేచినా కింది వరుసలో ఎడమ నుంచి పదకొండో ముఖం మావాడిదే.

“బావా, వీణ్ని రాజకీయాల్లో నిలబెడదామని ఉంది. నువ్వు నాలుగు పుస్తకాలు చదివినవాడివి. ఏ నాయకుడి చరిత్ర చదవాలో చెప్పు” అన్నాడు.

ఎవరిలా ఉండాలో చెప్పడం చిక్కు. ఉదయం చెప్పిన పేరు సాయంత్రానికి పార్టీ మారి ఉండవచ్చు. ఎవరిలా ఉండకూడదో చెప్పడం తేలిక. పైగా పోయినవాళ్లు పార్టీ మారరు. అందుకే మా జిల్లా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిగారి కథ ఎత్తుకున్నాను. శింగనమల దగ్గర తరిమెలలో 1917లో పుట్టిన ఈయన, అధికారానికి కావలసిన సరంజామా అంతా పుట్టుకతోనే చేతికి అందినా, ఒక్కొక్కటే పట్టుబట్టి జారవిడుచుకున్న మనిషి.

మొదటిది భూమి. పెద్ద భూస్వామి ఇల్లు. చదువూ తక్కువది కాదు: రిషి వ్యాలీ, మద్రాసు లయోలా, ఆ పైన కాశీ హిందూ విశ్వవిద్యాలయం. అంత చదివి ఊరికి వచ్చినవాడు చేయవలసిన పని ఏమిటి? రాత్రికి రాత్రి హద్దురాళ్లను రెండు బారలు అవతలికి జరిపించడం, తెల్లవారాక అదే తగాదాకు తానే పెద్దమనిషిగా కూర్చోవడం. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయో పండో వదిలి వస్తారు. ఈయన భూస్వామ్యాన్ని వదిలి వచ్చాడు. 1940లో, యుద్ధం ఆర్థిక వ్యవస్థను ఏమి చేస్తుందో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాస్తే తెల్లదొరలు జైలులో పెట్టారు. ఆ రోజుల్లో ప్రభుత్వాలు పుస్తకాలు చదివేవని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది బావ. ఈ మాట రాగానే మా బావమరిది కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారు నాగిరెడ్డిగారికి బావ. దాయాది చావు కోరితే బావ బతుకు కోరతాడని సామెత. కాంగ్రెసులో అంత ఎత్తున ఉన్న బావ దొరికితే లోకంలో ఏ బావమరిది అయినా ఏమి చేస్తాడు? ఒక కాంట్రాక్టు, ఒక రైసుమిల్లు, కాలం కలిసివస్తే ఒక కార్పొరేషన్ పదవి. ఈయన 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆ బావ మీదే నిలబడ్డాడు. పోనీ, నిలబడినవాడు పరువుగా ఓడిపోయాడా? అదీ లేదు. జైలులో కూర్చుని, ఒక్క వీధి తిరగకుండా, ఒక్క దండ వేయించుకోకుండా గెలిచాడు. ఆ ఎన్నికలో జనం అభ్యర్థి ముఖం కూడా చూడకుండా ఓటు వేశారు. ఇప్పుడు మనం ఫ్లెక్సీల్లో ముఖాలు తప్ప మరొకటి చూడడం లేదు కాబట్టి లెక్క సరిపోయినట్టే.

“అప్పుడు ఇంట్లో ఆడవాళ్ల పరిస్థితి ఏమిటి బావా?” అన్నాడు మా బావమరిది. చరిత్రకారులెవరికీ తట్టని ప్రశ్న. పుట్టింట్లో తమ్ముడో అన్నో గెలిచిన రోజున మెట్టింట్లో మొగుడు ఓడిపోయిన ఆ ఇల్లాలు పాయసం వండిందా లేదా అన్నది ఇప్పటికీ తేలవలసిన విషయమే.

ఓడిన బావ 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. గెలిచిన బావమరిది 1957లో లోక్‌సభకు వెళ్లాడు, 1962లో, 1967లో శాసనసభకు వచ్చాడు. ఇన్నిసార్లు గెలిచినవాడు ఒక్కసారైనా గెలిచే పక్షంలో ఉండాలి కదా? ఎప్పుడు చూసినా ఎదుటి బల్లల మీదే.

ఇక మూడోది, అసలైనది, కుర్చీ. 1969లో ఈ బావా బావమరుదులు ఇద్దరూ రాజీనామా చేశారు. ఏ శిక్షణ తరగతిలోనైనా చెప్పవలసిన పాఠం ఇది. బావ లోక్‌సభ స్పీకరు పదవి వదిలాడు, రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి. అంటే ఒక కుర్చీలోంచి లేచింది ఇంకా ఎత్తైన కుర్చీ కోసం. ఆ సారి వి.వి.గిరి చేతిలో ఓడిపోయి సొంత జిల్లాకు వచ్చి సేద్యం చేసుకున్నాడు, అది వేరే సంగతి. బావమరిది మాత్రం శాసనసభలోంచి లేచి బయట నేల మీద కూర్చున్నాడు. ఈ సభ వల్ల పేదవాడికి ఒరిగేది లేదని సభలోనే చెప్పి వచ్చేశాడు. ఇప్పటి సభ్యులకూ ఆ సంగతి తెలియకపోలేదు. తెలిసే, ఎదుటి బల్లల వైపు నుంచి మంత్రుల బల్లల వైపు నడిచి వెళతారు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ఆ నడకను ఆపలేదు, దారి మాత్రం కొంచెం వంకర చేసింది.

ఇక్కడ నటన కాసేపు పక్కన పెడతాను. ఆయన మీద నాకు నిజంగానే కోపం ఉన్నది ఈ ఒక్క విషయంలోనే. వాన ముఖం చాటేసే జిల్లా మాది. కాలువ నీళ్ల గురించి, కరవు గురించి నిలదీయగల గొంతు ఒకటి ఓటు వేసి పంపితే, ఆ గొంతు వరుసలో నిలుచున్న మమ్మల్ని అడగకుండా అడవి దారి పట్టింది. సభ కబుర్ల కొట్టు అన్నది నిజమే కావచ్చు. కొట్టు ఖాళీ చేసి పోతే దాన్ని ఎవరు ఆక్రమిస్తారో మా సీమలో వేరే చెప్పాలా?

సరే, నాలుగోది పార్టీ. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలితే ఈయన మార్క్సిస్టుల వైపు వెళ్లాడు. నక్సల్బరీ రైతుల తిరుగుబాటు తరువాత 1968లో ఆ పార్టీలోంచీ బయటికి వచ్చి విప్లవకారుల సమన్వయ కమిటీ పెట్టాడు. 1969లో నక్సలైటు నాయకుడు చారు మజుందార్ వర్గంతోనూ పొసగలేదు. ఊరిలోని పెద్ద రైతులను ఒక్కొక్కరినే చంపుకుంటూ పోతే విప్లవం రాదని ఈయన వాదన. దాంతో పాత పార్టీకి అతివాది, కొత్త పార్టీకి రివిజనిస్టు, అంటే సిద్ధాంతాన్ని పలచన చేసినవాడు, అయ్యాడు. ఒకే మనిషి ఏకకాలంలో మరీ ఎడమగానూ మరీ కుడిగానూ కనిపించాలంటే ఎంత సాధన కావాలో! చివరికి 1975లో దేవులపల్లి వెంకటేశ్వరరావుగారితో కలిసి భారత కమ్యూనిస్టు విప్లవకారుల ఐక్యతా కేంద్రాన్ని స్థాపించాడు. పేరు చివర కుండలీకరణాల్లో మార్క్సిస్టు-లెనినిస్టు.

“ఆ కుండలీకరణం ఎందుకు మామా?” అన్నాడు అల్లుడు, మొదటిసారి ఫోనులోంచి తల ఎత్తి.

“కుండ పగిలాక పెంకుల లెక్క రాసుకోవడానికి” అన్నాను.

హాస్యం కాదు. ఆయన పోయాక ఆ ఐక్యతా కేంద్రం కూడా ముక్కలు ముక్కలైంది. ఐక్యత అన్న మాట పేరులో పెట్టుకున్నందుకైనా కొంత మొహమాటపడవలసింది. 2014 నుంచి జరిగిన మూడు ఎన్నికల్లోనూ విడిపోయాక మిగిలిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఒక్క కమ్యూనిస్టు కూడా గెలవలేదు. బయట మాత్రం పార్టీలకు కొరత లేదు.

మధ్యలో ఒక కుట్ర కేసు ఉంది. కోర్టులో నిలబెడితే, నాకేమీ తెలియదు అని ఒక్క ముక్క చెప్పి, గుండెనొప్పి అని ఆసుపత్రిలో చేరడం లోకాచారం. ఈయన ముద్దాయి బోనులోంచి అప్పుల గురించి, విదేశీ పెట్టుబడి గురించి సుదీర్ఘమైన వాంగ్మూలం ఇచ్చాడు. అదే తరువాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమైంది. తాకట్టు అన్న మాటకు అనంతపురం రైతుకు నిఘంటువు అక్కర్లేదు. వేరుశనగ విత్తనం ఇంటికి రావాలంటే ఇంట్లో బంగారం ముందు బ్యాంకుకు వెళ్లాలి. దేశం సంగతి ఆయన రాశాడు, చెవికమ్మల సంగతి రాసేవాడు ఇంకా పుట్టలేదు.

అత్యవసర పరిస్థితి కాలంలో అజ్ఞాతంలో ఉండగానే జబ్బు చేసి 1976 జూలై 28న నాగిరెడ్డిగారు చనిపోయారు. 1977 జూలై 25న, అంటే ఏడాదికి మూడు రోజులు తక్కువగా, బావ పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. ఇప్పుడు అనంతపురంలో ఆ బావ పేరుతో స్టేడియం ఉంది.

కథ ముగించి మజ్జిగ తాగాను. మా బావమరిది నా వైపు అదోలా చూస్తున్నాడు. నేను వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో ఎక్కడైనా నిలబడతానేమోనని అనుమానం పుట్టినట్టుంది. అల్లుడు మాత్రం శ్రద్ధగా విన్నాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

“మామా, 1969లో ఆయన ఇచ్చిన ఆ రాజీనామా లేఖ ఎక్కడైనా దొరుకుతుందా?”

నాకు ఒళ్లు పులకరించింది. “ఎందుకు నాయనా?”

“మా అన్న వచ్చే నెల పార్టీ మారుతున్నాడు. లేఖ మంచి భాషలో ఉండాలంటున్నాడు. పేరు, తేదీ మార్చుకుంటే సరిపోతుంది కదా.”