మహారాజశ్రీ వార్తాలేఖ గారికి

మహారాజశ్రీ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగపు 'వార్తలు - విజయాలు' పత్రిక గారి దివ్యసముఖానికి,

తమరు ఆర్ట్ పేపరు మీద, నాలుగు రంగుల్లో క్షేమంగా ఉన్నారు. సంతోషం. తమరి మాట నమ్మి మొన్న ఒక మధ్యాహ్నం మొత్తం తమ వరండాపాలు చేసుకున్నవాణ్ణి, అందుకే ఈ విన్నపం.

'శాసనాల గది పరిశోధకులకు అంకితం' అని తాజా సంచికలో తమరే కదా సెలవిచ్చారు? వీసీ గారు కత్తెర పట్టుకున్న ఫొటో ఒకటి, ఆయన కత్తెర పట్టుకోవడాన్ని మిగతావాళ్లు చూస్తున్న ఫొటో ఇంకొకటి. వెళ్లి చూస్తే గదికి తాళం. గొళ్లేనికి కత్తిరించిన రిబ్బన్ ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. తాళంచెవి ఉన్న సారు సెమినారుకు వెళ్లారట. దేని మీదండీ అని అడిగితే, శాసనాల పరిరక్షణ మీద అన్నారు.

అటెండరు మంచివాడు. కుర్చీ వేసి, కావాలంటే కిటికీలోంచి చూసుకోమన్నాడు. చూశాను. బీరువా మీద శాసనాల అచ్చులు, చుట్టలు చుట్టి పురికొసతో కట్టినవి. వాటి నెత్తిన తమరి పాత సంచికల కట్టలు. అడుగునున్న చుట్టలు అణిగి అప్పడాలయ్యాయి.

ఆ అచ్చులు ఎలా తీస్తారో తెలుసునా తమకు? రాయిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. అప్పుడు నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరం తేలుతుంది. ఎవరో ఒకాయన ఎర్రటి ఎండలో మా ఊరి గుడి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ పని చేశాడు. ఇప్పుడా రాయి దగ్గరికి వెళ్లి చదువుకుందామంటే కుదరదు. జీర్ణోద్ధరణ పేరు చెప్పి కమిటీవాళ్లు దానికి దట్టంగా ఎనామిల్ పెయింట్ కొట్టించారు. అంటే మా ఊరి శాసనం ఇక ఆ కాగితంలోనే మిగిలింది. దాని మీద మీరు కూర్చున్నారు!

నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక రాయి బయటపడేదాకా రుద్రమదేవి 1295 వరకు ఏలిందనే రాసుకుంటూ వచ్చాం. ఆమె అప్పటికే శివసాయుజ్యం పొందిందని 1289 నవంబరు నాటి ఆ రాయి చెప్పింది. పెద్ద పెద్ద పుస్తకాల్లోని లెక్క ఒక ఊరి రాయితో తప్పిపోయింది. మీ బీరువా మీద అణిగిపోతున్న చుట్టల్లో ఏముందో విప్పి చూసినవాడెవడు? డిగ్రీ లేని మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు ఇలాంటి శాసనాలే చదివి రెడ్డి రాజ్యాల చరిత్ర రాస్తే, 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అచ్చువేసింది. అప్పుడు విభాగాలు అచ్చువేసింది చరిత్రను, శాలువాల్ని కాదు.

మిగతా విజయాల జోలికి పోను. జూమ్‌లో విదేశం నుంచి ఒక్క ముఖం కనబడితే సదస్సు అంతర్జాతీయమైపోతుంది, కానివ్వండి. విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందని పూలకుండీలు అద్దెకు తెచ్చారు, అదీ సరే. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టుల గురించి మాత్రం ముప్ఫై పేజీల్లో ఒక్క ముక్క లేదు.

ఉన్నదల్లా చివరి పేజీలో, పదవీ విరమణ శుభాకాంక్షల కింద ఒకే ఒక్క వాక్యం: మా పరిశోధక విద్యార్థిని క్షేత్ర పర్యటనలో కొత్త శాసనం గుర్తించింది. అంతే! ఏ ఊరు? ఏ రాజుది? ఏ కాలానిది? ఏం రాసి ఉంది దాంట్లో? దానమా, చెరువా, పన్ను మాఫీయా? చరిత్ర విభాగం వార్తల్లో చరిత్ర ఉన్న వార్త అదొక్కటే కదయ్యా, దానికి గోరంత జాగా ఇచ్చి, శాలువా కప్పే చేతులకు పేజీలకు పేజీలు ధారపోస్తారా? సిగ్గుండక్కర్లేదా?

తాళంచెవి అటెండరు దగ్గర పెట్టించండి. మీ కట్టలు కిందికి దించండి. వచ్చే సంచికలో ఆ శాసనం పాఠం పూర్తిగా వేయండి, పక్కనే ఆ అమ్మాయి పేరు వేయండి. అన్నట్టు, ఆ ఊరికి వెళ్లిరావడానికి బస్సు చార్జీలు విభాగమిచ్చిందో, ఆమే పెట్టుకుందో, అది కూడా రాయండి.

ఇట్లు
తమరి పాఠకుడు